వంటింటి మీటరు

బొగ్గుదుమ్ముకు నిప్పు తగిలితే పేలుతుందని, బొగ్గుగని కార్మికుల కాలనీలో ప్రతి వంటింట్లోనూ మీటరు బిగించారు. దుమ్ము ఎక్కువై అది ఎర్రబడితే పొయ్యి ఆరిపోతుంది. ఓదెలు డ్యూటీ అంగీ తొడుక్కోగానే మీటరు ఎర్రబడింది. సగం ఉడికిన అన్నం అట్లాగే ఆగిపోయింది.

"నీ ఒక్క అంగీ దుమ్ముకే ఇట్లయితే, బొగ్గుబాయిల మీటరు పచ్చగెట్లుంటది?" అంది భార్య స్వరూప.

"ఎర్రగైతే షిఫ్టు ఆగుతది గదా. అందుకే దినాం తుడిపిస్తరు."

"గోడలన్నీనా?"

"మీటరునే."

స్వరూప అతని అంగీ అంచు పట్టుకుంది. "ఇయ్యాల పోకు."

"నాగా పెడితే క్వార్టరు ఖాళీ చెయ్యమంటరు," అంటూ ఆమె వేళ్లు విడిపించుకుని ఓదెలు గడప దాటాడు.

వెనక మీటరు పచ్చబడింది. పొయ్యి దానంతటదే భగ్గున అంటుకుంది.