ఓపల్ ఊపిరి

"ఇవాళ్టితో ఆపేస్తామంటే ఎలాగమ్మా? ఇంకో నెల సాగనివ్వండి," అన్నాడు డెల్మర్, పసిపిల్లల వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆరడుగుల మనిషి. అమెరికాలోని కెంటకీ కొండల్లో బొగ్గు గని పని. ఎంత తోముకున్నా గోళ్ళ చివర నలుపు పోలేదు. అతని కూతురు ఓపల్ మూడున్నర నెలలు ముందుగా, ఏడువందల గ్రాముల బరువుతో పుట్టింది.

"వారానికి మూడుసార్లు చొప్పున నాలుగు వారాలు. అంతకుమించి కుదరదు," అంది నర్సు రోవీనా.

"పనిచేస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా? గని దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి మా నాన్న పడ్డ అవస్థ చూసినవాణ్ణి. ఊపిరి సంగతి నాకు చెప్పకండి."

"పొద్దున ఊపిరి మిషను గొట్టం తీసేశారు, చూశారుగా!" అంది అతని భార్య లోరీన్. "అంతా విటమిన్ ఎ మహిమే. క్యారెట్లో ఉండేదేనటగా. ఇంటికెళ్ళాక పెరడంతా అవే వేస్తాను."

అవుననీ కాదనీ చెప్పే వీలు రోవీనాకు లేదు.

నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల జబ్బు ముదరకుండా విటమిన్ ఎ ఆపుతుందా అని తేల్చే పరిశోధన అది. చీటీలు వేసి సగం మందికి సూది వేస్తారు, సగం మందికి వెయ్యరు. ఆ మాటకు ఒప్పుకునే తల్లిదండ్రులు సంతకం పెట్టారు. చీటీ ఎవరికి ఎలా పడిందో డాక్టర్లకు కూడా తెలియదు. తెర లాగి లోపలికి వెళ్ళే రోవీనాకు మాత్రమే తెలుసు. మందు రాని బిడ్డకైతే, సూది వేసినట్టే కనబడేలా తొడ మీద ఉత్త ప్లాస్టరు అంటించి వచ్చెయ్యాలి.

ఓపల్‌కు పడింది ఉత్త ప్లాస్టరే.

రోవీనా గుమ్మంలోంచే ఓపల్ ఉన్న అద్దాల పెట్టెలోకి చూసింది. అగ్గిపుల్లల్లాంటి పక్కటెముకలు లేస్తున్నాయి, పడుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. పన్నెండుసార్లూ ఖాళీ చేతులతోనే వెళ్ళింది తను. ఆ మందు ఒక్క చుక్క కూడా అందకుండా ఈ గుప్పెడు ప్రాణి ఇక్కడిదాకా వచ్చేసింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ లేనిది, ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

ఇంకో నర్సు వచ్చి, బిడ్డను గుండెకు హత్తుకోవచ్చని లోరీన్‌ను లోపలికి తీసుకెళ్ళింది. మొదటిసారి. పిల్లికూనలా సన్నని ఏడుపు వినిపించింది. నెల రోజులుగా గొట్టం వెనక చిక్కుకున్న గొంతు. డెల్మర్ కళ్ళు మూసుకుని ఆ ఏడుపు ఆగేదాకా విన్నాడు.

తరువాత గొంతు తగ్గించాడు.

"మీరు చెప్పకూడదని తెలుసు. చెప్పొద్దు. రెండో వారంలో తెర సందులోంచి చూశాను. సూదీ లేదు, మందూ లేదు. లోరీన్‌తో అనలేదు."

రోవీనా అతని వైపు తిరిగింది. "మరి... ఇంకో నెల ఏది సాగనివ్వమంటున్నారు?"

"ప్లాస్టరు అంటించాక మీరు దాని పాదం పట్టుకుని చిన్నగా ఏదో పాడతారు కదమ్మా," అన్నాడు డెల్మర్, "అది."