పదకొండు మెయిళ్ళు

తల్లి పెట్టెలో పెట్టిన స్వెట్టర్ని కూతురు మళ్ళీ తీసి మంచం మీద పడేసింది. పొద్దుటి నుంచీ ఇది మూడోసారి.

"నువ్వు తీసేకొద్దీ నేను పెడతానే. నాకేం వేరే పనుందా?" అంది తల్లి.

ఆదివారం విమానానికి కూతురు భర్త దగ్గరికి వెళ్ళిపోవాలి. టికెట్టు అతనే పంపాడు. ఆమె పుట్టింటికొచ్చి రెండు నెలలైంది. ఈ రెండు నెలల్లో పేరులేని మెయిళ్ళు పదకొండు వచ్చాయి. 'నోరు విప్పావో, నీ గొంతు నా చేతిలో ఉంటుంది' అని ఒకటి. తక్కినవి అంతకన్నా ఘోరం.

అవి భర్తే రాశాడంటుంది కూతురు. కాపురం చెడగొట్టాలని ఎవడో ఆకతాయి చేస్తున్న పనంటుంది తల్లి. అల్లుడు ఫోన్లో అంత నెమ్మదిగా మాట్లాడతాడాయె. అతని ఫోను మోగితే కూతురు మాత్రం కూర్చున్నదల్లా లేచి నిలబడుతుంది.

మెయిళ్ళ టైములు తీసిచ్చింది కోడలు. ఆఫీసులో పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాయడం ఆమె పని. వాటిని చూస్తేనే ఒళ్ళు వణుకుతోందని ఆడపడుచు అన్నిటినీ ఒక ఫైల్లోకి దింపి ఆమెకిచ్చి, తన దగ్గర చెరిపేసింది. అన్నీ అల్లుడి ఊళ్ళో ఉదయం తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య పంపినవని తేలింది. ఆ వేళకి అతను ఫ్యాక్టరీలో ఉంటాడు. ఫోను లాకర్లో ఉంటుంది. కొడుకు అక్కడి మేనేజర్ని అడిగి కనుక్కున్నాడు కూడా. నిజమే.

ఆ మాట వినగానే కూతురు లేచి వదిన దగ్గరికొచ్చింది. "తొమ్మిదేంటి? ఇంకోసారి చూడు వదినా," అంది.

కోడలు ఇంకోసారి చూసింది. ఈసారి తన ప్రోగ్రాం ఇచ్చిన టైముల పట్టీ పక్కనపెట్టి, ఒక్కో మెయిల్ నెత్తిన ఉండే వరసల్నే చదివింది. తేదీ వరస చివర, ఒక కూడిక గుర్తూ నాలుగు సున్నాలూ. అది గ్రీనిచ్ టైమని చెప్పే గుర్తు. తన ప్రోగ్రాం ఆ తోకని కోసిపారేసి, మిగిలింది అల్లుడి ఊరి టైమేననుకుంది. ఆ ఊరేమో గ్రీనిచ్‌కి మూడు గంటలు వెనక.

ఒక్క లైను మార్చింది. తొమ్మిదీ పది కాస్తా ఆరూ పది అయింది. అతను డ్యూటీకి ఎక్కేది ఎనిమిదింటికి.

అక్కడితో ఆగితే సరిపోయేది. కోడలు తేదీ కింద వరసలు కూడా చదివింది. చదివిందే మళ్ళీ చదివింది.

తలెత్తితే గుమ్మంలో ఆడపడుచు. ఎంతసేపట్నుంచి నిలబడిందో.

"అక్కడ నీకు ఏం జరిగింది?" అని అడిగింది కోడలు.

"ఏదైనా తలుపులన్నీ వేశాకే వదినా. నోటితోనే. కాయితం మీద ఒక్క ముక్క ఉండదు."

"మరి ఈ మెయిళ్ళు?"

"అన్నీ అతని మాటలే. ఒక్కోటీ నాకు కంఠతా వచ్చు."

కోడలు కంప్యూటర్ ఆపేసి హాల్లోకొచ్చింది. అత్తగారు, మామగారు, భర్త, అందరూ అక్కడే ఉన్నారు.

"తప్పు నా ప్రోగ్రాంలో ఉంది అత్తయ్యా," అంది నెమ్మదిగా. "అవి పంపినప్పుడు అక్కడ ఆరు దాటింది. అతను ఇంట్లోనే ఉన్నాడు. ఇంక తను వెళ్ళదు. నేను పంపనివ్వను."

అత్తగారు లేచి వెళ్ళి, పెట్టెలోంచి స్వెట్టర్ని తీసి మంచం మీద పెట్టింది.

తేదీ కింది వరసల ప్రకారం, ఆ పదకొండూ ఈ ఇంటి కంప్యూటర్ నుంచే, ఆడపడుచు ఒక్కతే ఇంట్లో ఉండే మధ్యాహ్నం రెండున్నరకీ మూడుకీ మధ్య వెళ్ళాయని మాత్రం కోడలు చెప్పలేదు.