నిద్రలో పోయిన అధ్యాయం

“మొత్తం పోయింది వదినా! నిన్న సేవ్ చేయకుండానే లాప్‌టాప్‌ను స్లీప్‌లో పెట్టి మూత వేశాను. ఇవాళ చూస్తే ఛార్జింగ్ సున్నా,” అంటూ రచయిత తల పట్టుకున్నాడు. అతని నవల చివరి అధ్యాయం కోసం ప్రెస్సువాళ్లు వారం రోజులుగా కాచుకుని ఉన్నారు.

ఆ నవలను అచ్చువేస్తున్నది వదినే. ఆవిడ జాలిపడలేదు. సంచిలోంచి ఛార్జర్ తీసి ప్లగ్గులో పెట్టింది.

“స్లీప్‌లో పనంతా మెమరీలోనే ఉంటుంది. ఛార్జింగ్ అయిపోతే గాల్లో కలిసిపోయినట్టే. అందుకే మొన్న వచ్చినప్పుడు నీ లాప్‌టాప్‌లో సెట్టింగ్ మార్చి వెళ్లాను. ఛార్జింగ్ అడుగంటితే దానంతటదే హైబర్నేట్ అయి, ఉన్నదంతా డిస్కులో దాచుకుంటుంది. కాకపోతే లేవడమే కాస్త ఆలస్యం.”

మరిది గబుక్కున ఛార్జర్ పీకేయబోయాడు. “వద్దులే వదినా, ఇంకా పాడైపోతుందేమో! మళ్లీ రాసేస్తాలే.”

వదిన పవర్ బటన్ నొక్కింది. తెర తాపీగా వెలిగింది. నిన్నటి పేజీ చెక్కుచెదరకుండా వచ్చి నిలబడింది.

‘వదినకు చెప్పాల్సినవి: జ్వరం – చెప్పేశాను. మెడనొప్పి – చెప్పేశాను. లాప్‌టాప్ – రేపు.’

వదిన కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

“చూశారా మరిదిగారూ, ఒక్క అక్షరం కూడా పోలేదు. ఇక అధ్యాయం మొదలుపెట్టండి. నేనెక్కడికీ వెళ్లను.”