నిశ్శబ్ద సంఘం

ఆగస్టు ఇరవై ఆరు, మంగళవారం. ఆ రోజు మధ్యాహ్నంలోపే నిజార్ మూడుసార్లు ముజద్దర తిన్నాడు. మసూర్ పప్పు, బియ్యం కలిపి వండి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లిన ఆ పళ్లేలు మూడు వాటాల నుంచి వచ్చాయి. ఒక్కో పళ్లెంతో ఒక్కో పొరుగావిడ, ఒక్కో ఆవిడతో అరగంట కబుర్లు. లా కాలేజీ ప్రవేశ పరీక్షకు ఇంకా పన్నెండు రోజులే ఉంది.

నిరుడు నాలుగు మార్కుల్లో పోయింది. ఈసారీ పోతే బేరూత్ వదిలి ఆఫ్రికాలోని అబిజాన్‌లో మేనమామ బట్టల కొట్లో కూర్చోవాలి. టిక్కెట్టు కొనమంటావా అని మామ వారం వారం ఫోన్ చేస్తున్నాడు.

"ఉస్తాజ్!" అంటూ నాలుగో పళ్లెంతో వచ్చింది పై అంతస్తు వదాద్. వకీళ్లను పిలిచే ఆ పిలుపు పరీక్ష రాయకముందే అతనికి స్థిరపడిపోయింది. "తింటూ ఈ అద్దె కాగితం కాస్త చూడు నాయనా. ఒక్క నిమిషం."

"అత్తా, నేనింకా కాలేజీలోనే చేరలేదు."

"అయితేనేం? డాక్టరు చదవబోయేవాడికి జ్వరమంటే తెలియదా?"

పాత అద్దెదారులను ఖాళీ చేయించాలని భవనం యజమాని కేసు వేసి పద్దెనిమిదేళ్లయింది. ముగ్గురు వకీళ్లు మారారు. ఇక బయటివాళ్లను నమ్మేది లేదు, మనలోంచే ఒకణ్ణి తయారు చేసుకుందామని ఆరంతస్తులవాళ్లూ తీర్మానించారు.

"చదువుకే నాలుగేళ్లు పడుతుందే?" అన్నారెవరో.

"కేసు మాత్రం ఎక్కడికి పోతుంది?" అన్నాడు మునీర్. టాక్సీ నడపడం మానేశాక ఆయన నిశ్శబ్ద సంఘం పెట్టి, తనే అధ్యక్షుడయ్యాడు. నిజార్ చదువుకు చప్పుడు అడ్డం రాకుండా చూడటం సంఘం పని. సమావేశాలు నిజార్ గదిలో జరిగేవి.

ఆ సాయంత్రమూ జరిగింది.

"మీ టీవీ తగ్గించండయ్యా!" వదాద్ అరిచింది.

"ముందు నీ గొంతు తగ్గించు, పిల్లాడు చదువుకోవాలి!" మునీర్ అంతకన్నా గట్టిగా అరిచాడు.

"వీడు గనక తప్పాడంటే ఆ రాక్షసుడు మనందర్నీ రోడ్డున పడేస్తాడు!"

అంతలో కరెంటు పోయింది. జనరేటర్ ఎవరి వల్ల ఆగిందని చీకట్లోనే గొడవ మొదలైంది. నిజార్ పుస్తకం చంకన పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి ఉస్తాజ్?"

"లైబ్రరీకి, బాబాయ్."

ఆ వేళప్పుడు ఏ లైబ్రరీ తెరిచి ఉంటుందని ఎవరూ అడగలేదు. ఆ వైపు వెళ్లే అలవాటు వాళ్లలో ఎవరికీ లేదు.

నిజార్ వెళ్లింది పక్క సందులోని లబీబ్ తాత ఇంటికి. మందుల షాపు దీపం కింద చదువుకుంటున్న తనను ఆయనే ఒకరోజు లోపలికి పిలిచాడు. చనిపోయిన భార్య బట్టలు కుట్టుకునే గది ఖాళీగా ఉంది. ఆయన బ్యాటరీ దీపం వెలిగించి, రేడియో కట్టేసి, దోసకాయ ముక్కల మీద ఉప్పు చల్లి బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఏమీ అడిగేవాడు కాదు.

"ఈసారైనా గట్టెక్కుతానంటారా, తాతగారూ?"

"చదువు నాయనా. చదవకుండా వాదించేవాళ్లను చాలామందిని చూశాను."

పరీక్ష దాకా నిజార్ అక్కడే చదివాడు.

ఫలితాల్లో ఏడో స్థానం వచ్చింది. మెట్ల పొడుగునా ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ జగారీత్ అనే సంబరపు కేకలు వేస్తూ బియ్యం చల్లారు.

"మా సంఘమే లేకపోతేనా!" అన్నాడు మునీర్.

"ఆ రాక్షసుడికిక మూడింది!" అంది వదాద్.

చీకటి పడ్డాక నిజార్ మిఠాయి డబ్బాతో లబీబ్ తాత తలుపు తట్టాడు.

"ఏడోవాడివా!" ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆవిడుంటే నీకు చొక్కా కుట్టి పెట్టేది."

"ఇక్కడే చదివానని మావాళ్లకు చెప్పేయనా?"

"వద్దులే. పాపం, ఇవాళ అంతా సంతోషంగా ఉన్నారు. నాలుగేళ్లు కదా చదువు? గది నీకే ఉంచుతాను."

నిజార్ ఆయన చేతిని ముద్దుపెట్టుకుని సందులోకి దిగాడు.

అతని వెనక, ఆ ఆరంతస్తుల భవనం యజమాని చప్పుడు కాకుండా తలుపు మూశాడు.