చెల్లెలికిచ్చిన రంగు పెన్నులు

"ప్రాణంగా దాచుకున్న రంగు పెన్నులన్నీ చెల్లెలికి ఎందుకిచ్చేశావే?" నర్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన తల్లి గద్దించింది.

పెద్దది గోడకేసి చూస్తూ అంది. "నాకింక అక్కర్లేదు. పొద్దుటి నుంచీ కింద రక్తం పోతోంది. అమ్మమ్మ చనిపోయింది ఇలాగేగా."

తల్లికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "పిచ్చిమొద్దూ, ఇది జబ్బు కాదే, నెలసరి. ఆడపిల్లలందరికీ వస్తుంది. ఆస్పత్రిలో రోజూ ఎంతమందికి చెప్తుంటానో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మెల్లగా మాట్లాడవే, నాన్న వింటారు."

పెద్దది మొహం కందగడ్డ చేసుకుంది. "విననీ. చచ్చిపోతానని నేనేడుస్తుంటే, నీ భయం నాన్న వింటాడనా?"

విసురుగా పక్కగదిలోకి వెళ్లింది. అక్కడున్న చెల్లెలు బెదిరిపోయి పెన్నులు తిరిగి ఇవ్వబోయింది.

"అవి నీ దగ్గరే ఉంచుకో. ఇలా కూర్చో, నీకొకటి చెప్పాలి" అంటూ పెద్దది, నాన్న కూర్చున్న హాలు వైపు మూసి ఉన్న తలుపులు బార్లా తెరిచింది.