మిగిలిన సగం ఆట

రోనేష్ మళ్ళీ కాలు పట్టుకుని కూలబడ్డాడు.

బెంచీ మీదున్న దీక్షిత్ అప్పటికే జాకెట్ విప్పేశాడు. అలవాటైపోయింది మరి.

"చూసినావా!" పక్కనున్న విష్ణువర్ధన్ వాడి డొక్కలో పొడిచాడు. "పోయిన వారం ఎడమకాలు, ఈ వారం కుడికాలు. ఏం కాళ్ళప్పా అవి! వంతులేసుకోని నొస్తాండాయి."

దీక్షిత్ నవ్వాపుకుంటూ లేచాడు. కుంటుకుంటూ ఎదురొచ్చిన రోనేష్, గీత దగ్గర వాడి అరచేతిలో చెయ్యి చరిచాడు.

"ఉరుకు, తమ్ముడూ!"

ఆయన ఫిజీ మనిషి. ముత్తాతలు ఎప్పుడో చెరకు తోటల్లో పనికని ఓడెక్కిన తెలుగువాళ్ళు. అవ్వ దగ్గర నేర్చిన తెలుగులో నాలుగు ముక్కలే మిగిలాయి. అవి కూడా దీక్షిత్ మీదే ఖర్చుపెట్టేవాడు. నలభైకి దగ్గరపడ్డాక నర్సింగ్ చదువుదామని ఆస్ట్రేలియాలో ఈ టూవూంబా యూనివర్సిటీలో చేరాడు. జట్టులో అందరికంటే పెద్దవాడు. అయినా ఎడమవైపు గోల్ కాసే లెఫ్ట్ బ్యాక్ అంటే కోచ్‌కి ఆయనే.

దీక్షిత్‌దీ అదే స్థానం. చిక్కంతా అక్కడే వచ్చింది.

అనంతపురం నుంచి వచ్చేటప్పుడు, బరువు ఎక్కువైందని అమ్మ పెట్టిన పచ్చడి సీసా తీసేసి ఫుట్‌బాల్ బూట్లు సర్దుకున్న రకం వాడు. సీజన్ మొదట్లో కోచ్ పిలుపు కోసం వాడి కళ్ళు కాయలు కాచాయి. ఆదివారం వచ్చేది, పోయేది. బూట్లకి మట్టి అంటేది కాదు. అంటని మట్టినే తుడుచుకుని మంచం కింద పెట్టుకునేవాడు. ఆడాలని ఉంది దేవుడా, ఆడాలని ఉంది. వేరే ధ్యాసే లేదు వాడికి.

ఒకరోజు ఉండబట్టలేక డ్రెస్సింగ్ రూంలో అందరి ముందే అడిగేశాడు.

"కోచ్, నన్నెప్పుడు దింపుతారు?"

"గెలిచే జట్టుని నేను కదపను. ఎవరికైనా దెబ్బ తగిలితే చూద్దాం."

"మరి ఫైనల్‌కి?"

"రూల్ తెలుసుగా. సీజన్‌లో కొన్ని మ్యాచులైనా గడ్డి మీద కాలు పెట్టినవాళ్ళకే ఫైనల్. బెంచీ మీద కూర్చున్నది లెక్కలోకి రాదు."

వాడి ప్రాణం ఉసూరుమంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు వంచుకుని బూట్ల తాళ్ళు కట్టుకున్నారు.

ఏ దేవుడు ఆలకించాడో ఏమో, ఆ తర్వాతి ఆదివారమే రోనేష్ తొడ పట్టేసింది.

ఒకసారి బయటికొస్తే ఆ రోజుకి ఇక లోపలికి వెళ్ళేది లేదు. దీక్షిత్ దిగాడు. ఆ పైవారం మళ్ళీ దిగాడు. సగం ఆట అయ్యేసరికి రోనేష్ కూలబడటం, వీడు ఉరకడం రివాజైపోయింది.

శనివారం వస్తే చాలు, వెంకన్న పటం ముందు నిలబడి, "స్వామీ, రేపు కూడా ఆయన కాలు పట్టెయ్యాలి" అని మొక్కుకునేవాడు. పాపిష్టి మొక్కే. కానీ ఫలించేది!

అలా అలా ఫైనల్ వచ్చేసింది.

"దీక్షిత్, మొదటి నుంచీ నువ్వే" అన్నాడు కోచ్. "సగం ఆటకే కూలబడేవాణ్ణి ఫైనల్లో దింపలేను."

ఎప్పుడూ నోరెత్తని రోనేష్ లేచి నిలబడ్డాడు.

"కోచ్, చదువైపోయింది. నా వయసుకి ఇదే ఆఖరి ఆట. ఈ ఒక్కసారి నన్ను నమ్ము. చివరిదాకా నిలబడతాను."

"సారీ. నీ కాళ్ళని ఎలా నమ్మను?"

రోనేష్ దీక్షిత్ భుజం తట్టి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

ఆట మధ్యలో దీక్షిత్ ఒకసారి అటు చూశాడు. తాళ్ళు బిగించి కట్టిన బూట్లు. సగం విప్పిన జాకెట్. గడ్డిని తినేసేలా చూస్తున్న కళ్ళు. ఒకప్పుడు తనూ అచ్చం అలాగే కూర్చునేవాడు. అంతలో బంతి వచ్చేసింది.

కోచ్ రోనేష్‌ని పిలవనే లేదు.

జట్టు గెలిచింది. అందరూ దీక్షిత్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంత ఎత్తునుంచి ఎంత వెతికినా రోనేష్ కనబడలేదు.

మరుసటి ఆదివారం క్లబ్ వాళ్ళ బార్బెక్యూ విందుకి ఆయన భార్య శివాంగిని ఒక్కతే వచ్చింది. ఉతికి మడతపెట్టిన జెర్సీ దీక్షిత్ చేతిలో పెట్టింది.

"నీకే ఇమ్మన్నాడు భయ్యా."

"భాయ్ రాలేదా, భాభీ?"

"ఎక్కడో దూరాన మౌంట్ ఐసా ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. మొన్నే వెళ్ళిపోయాడు. నేనూ రేపు బయల్దేరుతున్నా. ఇక బంతి ముట్టుకోడట."

దీక్షిత్‌కి ఏదోలా అయింది. ఇన్నాళ్ళూ ఆయన్ని ఒక్కసారైనా బాగోగులు అడిగిన పాపాన పోలేదు.

"ఇప్పుడు కాలు ఎలా ఉంది?"

"ఏ కాలు?"

"అదే భాభీ, ప్రతి మ్యాచ్‌లో పట్టేసేది కదా..."

శివాంగిని వాడి ముఖంలోకి వింతగా చూసింది.

"ఆయనకా? ప్రతి ఆదివారం మ్యాచ్ నుంచి రాగానే బ్యాగ్ గుమ్మంలో పడేసి, పిక్నిక్ పాయింట్ కొండ పైదాకా పరిగెత్తి వచ్చేవాడు. ఇంకా ఓపిక ఉందా అని అడిగితే, 'సగం ఆట తమ్ముడికిచ్చి వచ్చాను, ఆ పరుగంతా ఒంట్లో మిగిలిపోయింది' అనేవాడు."