బాపట్ల బస్సుకిచ్చే క్యారియర్

ఇటు నా పక్కకి జరుగమ్మా, ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు నీకందదు. మొన్న వానాకాలంలో తెనాలిలో జరిగిందిది.

"దీనికి కుదురు లేదండి," అంది సుందరమ్మ, కుర్చీ అంచున కూర్చుని. "మా ఫ్లోరెన్స్ ఇలా కాదు. ఇంత వయసప్పుడు చర్చిలో ప్రసంగం అయ్యేదాకా కదలకుండా కూర్చునేది. దానికి పుట్టిన పిల్లేనా ఇది అనిపిస్తుంది."

బల్లకి అవతల ఉన్నది డాక్టర్ కరుణశ్రీ. పిల్లల ధ్యాస ఎలా ఉందో, మనసులో ఏముందో పరీక్షలు పెట్టి చూసి కాగితం రాసిచ్చే డాక్టరమ్మ. ఇవతల సుందరమ్మ, పక్కన ఏడో తరగతి చదివే మనవరాలు జెన్నిఫర్. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి వచ్చారిద్దరూ. డాక్టరు కాగితం తెండి, లేకపోతే పిల్లని ఏ హాస్టల్లోనో వేసుకోండి, మావల్ల కాదని స్కూలువాళ్ళు తేల్చి చెప్పేశారు మరి. హాస్టలన్న మాటే సుందరమ్మ తట్టుకోలేదు. ఆ ఇంట్లో తనకి తోడు ఆ పిల్లే. అల్లుడు ఏనాడో వేరే కాపురం పెట్టుకుని పోయాడు.

"వాళ్ళమ్మ రాలేదాండి?" అంది డాక్టరమ్మ.

"మా అమ్మాయి బాపట్లలో నర్సండి. సెలవివ్వరు, చంపుకు తింటున్నారు."

జెన్నిఫర్ తన చెప్పులకేసి చూసుకుంది.

డాక్టరమ్మ స్కూలువాళ్ళ ఉత్తరం విప్పింది. "రోజూ ఆలస్యంగా వస్తోందట. మొదటి బెల్లు కొట్టేవేళకి కాలవ గట్టు మీద కూర్చుని అన్నం తింటోందట. ఇంటర్వెల్లో గోడ దూకి ఇంటికి పారిపోతోందట. క్లాసులో ఉన్నా చూపంతా కిటికీలోంచి బయటికేనట."

"ఆలస్యం తప్పు నాదేలెండి. పొద్దున్నే వాళ్ళమ్మకి క్యారియర్ కట్టి దీనిచేత పంపుతాను. బాపట్ల బస్సు కండక్టరుకి అందించి అట్నుంచటే స్కూలుకి పోతుంది. సాయంత్రానికి ఖాళీ గిన్నెలు తిరిగొస్తాయి. నా చేతి గోంగూర పప్పంటే మా ఫ్లోరెన్స్ మెతుకు మిగల్చదు. కానీ దీనికేం పోయేకాలమండీ? నా ముందే కడుపునిండా తిని, మళ్ళీ గట్టెక్కి తినడమేంటి? ఉత్త తిండి యావ!"

"మరి ఇంటికెందుకు పరిగెత్తుకొస్తుంది?"

"రావడం, గ్యాసు పొయ్యికేసి చూడడం, నా మొహంలోకి చూడడం, పోవడం. ఒక్క వస్తువు ఉంచిన చోట ఉండనివ్వదు. అగ్గిపెట్టె దాచేస్తుంది, వీధి తాళం దాచేస్తుంది. అడిగితే నువ్వే పెట్టావంటుంది."

"నువ్వే కదా అమ్మమ్మా, బియ్యం డబ్బాలో..."

"చూశారా, పెద్దవాళ్ళ మాటకి అడ్డం!" సుందరమ్మ గొంతు తగ్గించింది. "ఓరోజు ఏదో పాడు మాట అనేసిందండి. మూడ్రోజులు నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఏమందో గుర్తు లేదు గానీ, నేను ఏడ్చింది మాత్రం గుర్తుంది."

డాక్టరమ్మ కలం ఆగింది. "ఏమన్నావమ్మా?"

"ఇంకెప్పుడూ అననండి," అంది జెన్నిఫర్.

సుందరమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి పిల్లకి పరీక్ష పెట్టారు. కాగితం నిండా కలగాపులగంగా అక్షరాలు, అందులో 'క' కనబడ్డప్పుడల్లా కొట్టెయ్యాలి. తలుపు అద్దంలోంచి సుందరమ్మకి కనబడుతూనే ఉంది, ఆ పిల్ల తల నిమిషానికోసారి ఇటు తిరగడం. కాసేపటికి సుందరమ్మని లోపలికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి అలాంటిదే ఇంకో కాగితం ఇచ్చారు. ఈసారి పిల్ల తలెత్తితే ఒట్టు.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "మీరు బయటుంటే ఇరవై తప్పులు. ఎదురుగా ఉంటే ఒక్కటి."

"నేనంటే ఆ మాత్రం భయం ఉందండి," అంది సుందరమ్మ, కాస్త గర్వంగానే.

"భయమేనండి," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "హాస్టలు వద్దని స్కూలుకి రెండు ముక్కలు రాసిస్తాను. వచ్చేవారం మళ్ళీ రండి. అప్పుడు మీతో కూడా కాసేపు మాట్లాడాలి."

"నాతో ఏముందండీ, నాకన్నీ గుర్తే."

"వాళ్ళమ్మనీ ఒకసారి చూడాలి."

"దానికేం, వస్తుంది. ఒసేయ్, అమ్మకి ఫోన్ చెయ్యి."

జెన్నిఫర్ ఫోన్ తీసి గుమ్మం దాకా వెళ్ళి చెవి దగ్గర పెట్టుకుంది. కాసేపు నిలబడి వెనక్కి వచ్చింది. "డ్యూటీలో ఉందట అమ్మమ్మా. వీలు చూసుకుని వస్తానంది. నిన్నటి పప్పు బావుందంది."

"ఉప్పెక్కువైందేమోనని నేనే అనుకుంటున్నా," అంది సుందరమ్మ తృప్తిగా. డాక్టరమ్మ మాత్రం ఆ ఫోన్‌కేసే చూస్తూ ఉండిపోయింది.

తిరుగు రైలెక్కేసరికి ముసురు పట్టింది. కిటికీ అవతల చేలన్నీ నీళ్ళలో ఉన్నాయి. జెన్నిఫర్ అమ్మమ్మ పైట చెంగు వేలికి చుట్టుకుని కూర్చుంది.

"రేపు అమ్మకేం కూర కట్టనే?"

"నీ ఇష్టం అమ్మమ్మా. అన్నం మాత్రం కొంచెం తగ్గించు."

"తగ్గించడమేంటే? రోజంతా నిలబడి చాకిరీ చేసే మనిషి!"

"తినలేకపోతోంది అమ్మమ్మా."

"అదేం కుదరదు. ఇంకో గరిటె ఎక్కువే పెడతాను," అంది సుందరమ్మ. జెన్నిఫర్ తల ఊపింది.

కుదురు లేని పిల్ల అని నీ ముందు ఎవరైనా ఏ బిడ్డనైనా తిడితే, ఇది గుర్తు తెచ్చుకుని వాళ్ళని కూర్చోబెట్టి చెప్పమ్మా. ఎక్కడైనా ఓ ముక్క మరిచిపోయినా ఫరవాలేదు గానీ, ఈ ఒక్కటీ మరవకు.

అప్పటికి ఫ్లోరెన్స్ చనిపోయి రెండేళ్ళు.